చోడవరం పరిసరాలు: తిండి, పానీయాలు, కాలినడక

చోడవరం అనకాపల్లి జిల్లాలోని మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గ కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గోదావరి వైపు మన్యంలో ఉన్న రంపచోడవరం వేరు. రెండింటినీ ఒకటే అనుకుని బస్సెక్కేవాళ్లు ఉంటారు కాబట్టి పెద్దలు ఇప్పటికీ ‘విశాఖ జిల్లా చోడవరం’ అనే చెబుతారు. అనకాపల్లికి వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్లు, విశాఖ నగరానికి సుమారు 50 కిలోమీటర్లు. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్లే రోడ్డు ఊరి మీదుగానే పోతుంది. స్థానికులు దాన్ని బి.ఎన్. రోడ్డు అంటారు, దాని గుంతల గురించి మాట్లాడటానికి ఒక పూట చాలదు.

ఊరికి పేరు తెచ్చినవి రెండు గుళ్లు: స్వయంభూ విఘ్నేశ్వరాలయం, గౌరీశ్వరాలయం. వినాయకుడి విగ్రహం పైభాగం మాత్రమే నేల మీద కనబడుతుంది, మిగతాది భూమిలో ఉందని నమ్మకం. ఈ వ్యాసం మాత్రం గుళ్ల గురించి కాదు. చోడవరం నుంచి ఒక పూటలో చేరగలిగిన చెరువులు, రిజర్వాయర్లు, చెరకు తోటలు, తాటితోపుల మధ్య మనిషి ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఎక్కడ నడుస్తాడు అన్నదే ఇక్కడి విషయం.

నీళ్లు ఉన్న చోటు

వాయవ్యాన తూర్పు కనుమలు, ఆగ్నేయాన బంగాళాఖాతం. మధ్యలో ఉన్న ఈ పల్లపు భూమికి ప్రాణం శారదా నది. కనుమల్లో పుట్టి దేవరాపల్లి, చోడవరం, కశింకోట, అనకాపల్లి ప్రాంతాల మీదుగా సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి రాంబిల్లి వైపు సముద్రంలో కలుస్తుంది. బొడ్డేరు, పెద్దేరు, తాచేరు అనే కొండవాగులు దీనికి తోడు. వానాకాలంలో ఉరికి, ఎండాకాలంలో ఇసుకదిబ్బలుగా మిగిలే ఈ ఏళ్ల మీద గత శతాబ్దంలో ఆనకట్టలు కట్టారు. శారద మీద దేవరాపల్లి దగ్గర రైవాడ, బొడ్డేరు మీద చీడికాడ మండలంలో కోనాం, పెద్దేరు మీద మాడుగుల మండలంలో పెద్దేరు జలాశయం. కొంచెం పడమరగా రావికమతం మండలంలో కల్యాణపులోవ. అన్నీ కొండ పాదంలోనే ఉన్నాయి. గట్టు మీద నిలబడితే ఒక చేతి వైపు నీళ్లు, నీళ్ల వెనుక పచ్చటి కొండ, రెండో చేతి వైపు దిగువన వరి మళ్లు, చెరకు చేలు కనిపిస్తాయి. రైవాడ నీళ్లు పొలాలకే కాదు, విశాఖ నగరం కుళాయిల్లోకీ వెళతాయి. వేసవిలో ఆ నీళ్లు ఎవరివన్న పేచీ పాతదే.

సముద్రం దగ్గరకొస్తే కథ మారుతుంది. అనకాపల్లి దాటాక అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య కొండకర్ల ఆవ ఉంది. ఇది ఎవరూ కట్టినది కాదు, సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సుగా దీన్నే చెబుతారు.

సరస్సు ఒడ్డున తినడం, తాగడం, నడవడం అనగానే ప్రపంచ పర్యాటకులకు ఉత్తర ఇటలీ గుర్తుకొస్తుంది. అక్కడి గార్డా, కోమో, ఇసేఓ సరస్సులు హిమానీనదాలు తొలిచిన లోయల్లో నిండిన నీళ్లు. గార్డా ఒక్కటే దాదాపు 370 చదరపు కిలోమీటర్లు. దాని తూర్పు ఒడ్డున బార్డొలీనో, దక్షిణాన లుగానా, ఇసేఓ దగ్గర ఫ్రాంచాకోర్టా అనే ద్రాక్ష సారాయాలు ప్రాంతం పేరుతోనే చట్టబద్ధంగా అమ్ముడవుతాయి. కోమో తూర్పు ఒడ్డున అబాడియా లారియానా నుంచి కోలికో దాకా సుమారు 45 కిలోమీటర్ల పాత బాటసారుల దారికి గుర్తులు పెట్టి నడకకు తయారుగా ఉంచారు. ఆ దారి పక్క ఊళ్లలో మొక్కజొన్న సంకటి, ఎండబెట్టి అదిమిన సరస్సు చేప పెడతారు. ఒకప్పుడు పేదల తిండి అది. ఇప్పుడు దానికోసమే జనం విమానాలెక్కుతున్నారు.

చోడవరం పరిసరాలను ఆ ఇటలీతో పోటీ పెట్టడంలో అర్థం లేదు. ఒక్క తేడా మాత్రం గమనించదగ్గది. ద్రాక్ష సారాయం సీసాలో ఏళ్లు నిలుస్తుంది, ఓడ ఎక్కుతుంది, కనక సరస్సు చూడనివాడికి కూడా దాని రుచి తెలుసు. చోడవరం వైపు పేరు మోసినవన్నీ అలా ప్రయాణం చేయగలిగినవే: అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా, కొండ మీది కాఫీ. ప్రయాణం చేయలేనివి వేరే ఉన్నాయి. గానుగ దగ్గరి చెరకు రసం, పెనం మీద నుంచి అప్పుడే దిగిన పాకం, పొద్దున దించిన కల్లు, చెట్టు కింద కొట్టిచ్చిన ముంజె, చేను గట్టు మీద అంబలి. ఇవి బండెక్కవు, పట్నం చేరవు. వీటిని రుచి చూడాలంటే మనిషే అక్కడికి నడిచి వెళ్లాలి.

చెరకు, బెల్లం

ఈ ప్రాంతంలో చెరకు ఒక పంట మాత్రమే కాదు, ఊళ్ల ఏడాది లెక్కంతా దాని మీదే నడిచేది. అనకాపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో మొదలైంది. చెరకు మీద ఇంత పాత పరిశోధన కేంద్రాలు దేశంలో కొద్దే. 87ఏ298 అనే సంఖ్యతో, విశ్వామిత్ర అనే పేరుతో రైతులకు తెలిసిన రకం ఇక్కడిదే. అనకాపల్లి బెల్లం మార్కెట్‌ను ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ తర్వాత దేశంలో రెండో పెద్దదిగా చెప్పుకోవడం తరాల నాటి వాడుక. ఇక్కడి సరుకు ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలకు లారీల్లో వెళుతుంది. యార్డులో రైతు, వర్తకుడు కాక దిమ్మలు మోసే కళాసీలు, తూచే కొలగార్లు ఉంటారు. వేలంపాటలో ధర నిర్ణయించేది ముఖ్యంగా రంగు. రుచి చూసి ధర కట్టే పద్ధతి ఉంటే ఈ ప్రాంతపు బెల్లం చరిత్ర ఇంకోలా ఉండేదేమో.

కారణం సులువు. రసాన్ని ఉన్నదున్నట్టు కాస్తే బెల్లం ముదురు గోధుమ రంగులో వస్తుంది. కొనేవాళ్లు పసిమి రంగు అడుగుతారు. అందుకోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం చల్లడం అలవాటైంది. అది వేస్తే రంగు తేలుతుంది, కొన్నాళ్లకు మళ్లీ నల్లబడుతుంది, ఎక్కువైతే ఆరోగ్యానికి మంచిది కాదు. రసాయనం లేని బెల్లం తయారీని పరిశోధన స్థానం చాలాకాలంగా ప్రచారం చేస్తోంది. పట్నంలో ‘సేంద్రియ బెల్లం’ అన్న చీటీ అంటించి హెచ్చు ధరకు అమ్మేది ఆ నల్లటి బెల్లాన్నే. ఊళ్లో ముసలమ్మలు ఎప్పుడూ ఇంటి వాడకానికి అట్టేపెట్టుకున్నదీ అదే.

గానుగ ఆడే కాలం మార్గశిరం, పుష్యమాసాల నుంచి ఎండలు ముదిరేదాకా. పొలం మధ్యలో తాటాకు పాక, పక్కన ఎద్దుల గానుగ స్థానంలో వచ్చిన ఇంజను క్రషరు, నేలలో తవ్విన పొయ్యి, దాని మీద వెడల్పాటి ఇనుప పెనం. రసం తీసిన చెరకు పిప్పిని ఎండబెట్టి అదే పొయ్యిలో వేస్తారు, కాబట్టి కట్టెలు కొనక్కర్లేదు. రసం కాగుతుండగా కొంచెం సున్నం వేస్తే పులుపు విరుగుతుంది, మడ్డి పైకి తేలుతుంది. జల్లిగరిటెలతో దాన్ని తీసేస్తూనే ఉండాలి. బెండ మొక్క కాండం నలిపి తీసిన జిగురు వేస్తే మడ్డి ఇంకా బాగా కట్టుకుంటుంది. ఇది పాతవాళ్ల ఉపాయం, శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారు. ఆ తర్వాతంతా పాకం పట్టే మనిషి కంటిచూపు. సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర దించితే పోసుకుని తినే పానకం. 118 దరిదాపుల్లో దించితే దిమ్మ కట్టే బెల్లం. 120 దాటాక దించి రుద్దితే పొడి. పెనం దగ్గర ఉన్నవాడికి ఈ అంకెలతో పని లేదు. చన్నీళ్లలో రెండు చుక్కలు వేసి వేళ్ల మధ్య ఉండ కట్టి చూస్తాడు. టన్ను చెరకుకు సుమారు క్వింటాలు బెల్లం వస్తుంది.

గానుగ దగ్గరికి వెళ్లినవాడిని ఊరికే పంపకపోవడం ఇక్కడి మర్యాద. ముందు రసం. అందులో నిమ్మకాయ, అల్లం పిండటం పట్నం బండ్ల అలవాటు, గానుగ దగ్గర వట్టి రసమే ఇస్తారు. తర్వాత చెరకు ముక్కను పాకంలో ముంచి చేతికిస్తారు. వేడి బెల్లం చల్లారుతూ ముక్క చుట్టూ తీగలు సాగుతుంది. ఇది కొట్లో దొరికే సరుకు కాదు, దీనికి ధర కూడా లేదు. ఇంటికి పట్టుకెళ్లాలనుకుంటే సీసాడు పానకం పోయించుకోవచ్చు. దోసెలోకీ, చోడి రొట్టెలోకీ దాన్ని మించింది లేదు.

చెరకు కథలో రెండో పాయ చక్కెర మిల్లులు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో 1933లో మొదలైన సహకార చక్కెర కర్మాగారాన్ని దేశంలోనే మొదటిదిగా చెబుతారు. అంకుడు కర్ర, లక్కతో చేసే బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక అదే. చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఊరికి దగ్గర్లోనే గోవాడలో ఉంది. జనం నోట అది గోవాడ ఫ్యాక్టరీ. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు ఒకటొకటిగా ఆగిపోగా గోవాడ చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది. అయినా డబ్బు ఇబ్బందులు, చెల్లింపుల ఆలస్యం రైతును చెరకు నుంచి తప్పించాయి. ఇప్పుడు చోడవరం చుట్టుపక్కల నడిచేవాడికి ఒకప్పటి చెరకు చేలల్లో సరుగుడు, నీలగిరి తోటలు కనిపిస్తాయి. కూలీల ఖర్చు తక్కువైన పంట అది. చేను పచ్చగానే ఉంటుంది గాని గానుగ పాక ఉండదు.

మాడుగుల హల్వా

చోడవరం నుంచి వడ్డాది మీదుగా వెళితే కొండ మొదట్లో మాడుగుల. పూర్వం జమీందారీ ఊరు. మోదకొండమ్మ అమ్మవారి ఊరు. దానికి దేశదేశాల్లో పేరు తెచ్చినది మాత్రం దంగేటి ధర్మారావు 19వ శతాబ్దం చివర మొదలుపెట్టాడని చెప్పే హల్వా. ఆయన వారసులూ, వాళ్లను చూసి పెట్టుకున్న మరికొన్ని దుకాణాలవాళ్లూ ఇప్పటికీ చేస్తున్నారు.

చేసే తీరు ఓపికకు సంబంధించినది. గోధుమలను రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీస్తారు. ఆ పాలు పులవడానికి మళ్లీ ఒక రోజు. తర్వాత పంచదార పాకంలో ఆ పాలు పోసి, కట్టెల పొయ్యి మీద గంటల తరబడి కలుపుతూ, నెయ్యి పీల్చినంత పీల్పించి, చివర తేనె, జీడిపప్పు, బాదంపప్పు వేస్తారు. నెయ్యి తేలేదాకా ఉడకడంవల్లా, నీరు దాదాపు పూర్తిగా పోవడంవల్లా ఫ్రిజ్ లేకుండానే వారాలపాటు నిలుస్తుంది. ఊరి పేరు దూరాలకు పాకింది అందువల్లే. విదేశాల్లో ఉన్న బిడ్డలకు పంపే పెట్టెల్లో ఆవకాయ జాడీ పక్కన దీనికీ చోటు ఉంటుంది. బాలింతలకూ, కొత్త దంపతులకూ బలమని చెప్పుకుంటారు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు అమ్మేవాళ్ల ముఖంలో చిన్న నవ్వు కూడా కనబడుతుంది. ఔషధ గుణం సంగతి ఎలా ఉన్నా, ఇది ముద్దలు ముద్దలుగా తినే పదార్థం కాదు. చిన్న ముక్క చాలు.

కల్లు

ద్రాక్షతోట లేని ఈ సీమలో సారాయపు స్థానం తాటిచెట్టుది. పొలం గట్లు, చెరువు కట్టలు, ఏటి ఒడ్డులు, ఎక్కడ చూసినా తాటిచెట్లే. యాత, సెగిడి, శ్రీశయన కులాలవాళ్లు తరతరాలుగా గీత పని చేస్తున్నారు. పనిముట్లు కొద్ది: నడుముకూ చెట్టుకూ కలిపి వేసే మోకు, కాళ్లకు తగిలించే బంధం, పదునైన గీత కత్తి, కుండలు. చెట్టు తల మీద పూగెలను అదిమి, కట్టి, దాని కొసను రోజూ పలచగా చెక్కితే రసం ఊరుతుంది. మర్నాటికి ఆ కోత ఆరిపోతుంది కాబట్టి చెక్కడం మానితే చెట్టు కూడా మానేస్తుంది. పొద్దునా సాయంత్రం చెట్టు ఎక్కాల్సిందే. జారితే ప్రాణమే పోవచ్చు, నడుము పోవచ్చు. ఈ పనిలోకి కొత్త తరం రాకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

చెట్టు నుంచి కారినప్పుడు అది వట్టి తీపి నీరు. కుండ లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా మిగులుతుంది. పూయకపోతే కుండ అంచున కాచుకుని ఉన్న ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. సూర్యోదయానికి దించింది తియ్యగా, కొంచెం నురగగా, ముక్కుకు ఘాటు లేకుండా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి పోయి మత్తు పెరుగుతుంది. సాయంత్రానికి పులుపు, మర్నాటికి వినెగరు. కాబట్టి కల్లుకు వయసు గంటల్లో లెక్క. బార్డొలీనోలో సీసా మీద ఏడాది ముద్రిస్తారు. ఇక్కడ కల్లుపాకలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు దించింది? పొద్దున్న ఏడు దాటాక వెళ్లి కల్లు బాగాలేదని తీర్పు చెప్పే పట్నపు మనిషిదే తప్పు, కల్లుది కాదు.

చలికాలంలో ఈతకల్లు, ఎండలు మొదలయ్యాక తాటికల్లు. కనుమల మీదికి ఎక్కితే జీలుగు కల్లు. జీలుగు కూడా తాటి జాతిదే, ఆకులు చేప తోకల్లా చీలి ఉంటాయి. మంచి చెట్టు పాలు బిందెల్లో పట్టాల్సినంత ఇస్తుంది. కొండ ఊళ్లలో జీలుగు చెట్టు ఉన్న ఇల్లు ఎండాకాలంలో కళకళలాడుతుంది, చుట్టాలు హఠాత్తుగా ఎక్కువవుతారు. ఇప్పపువ్వు రాలే కాలంలో దానితో సారా కాస్తారు. అది చట్టం ఒప్పని సరుకు, కాచేవాడి చెయ్యి మంచిదో కాదో తాగేవాడికి తెలిసే దారి లేదు. వద్దనుకోవడమే మేలు.

చట్టం సంగతి నడిచేవాడికి తెలియాలి. రాష్ట్రంలో సారా 1993 అక్టోబరు 1 నుంచి నిషిద్ధం. దూబగుంట గ్రామ మహిళలతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తెచ్చిన నిషేధం అది. 1995 జనవరిలో వచ్చిన మద్యనిషేధం 1997లో సడలింది, సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. కల్లు గీతకు లైసెన్సు గీత కార్మికుల సంఘాలకో, గీత కార్మికుడికో ఉంటుంది. ఇటలీలో 1985 నాటి వ్యవసాయ ఆతిథ్య చట్టం రైతు తన ఇంట్లోనే అతిథిని ఉంచుకుని, తన తోట సారాయం, తన పొలం తిండి పెట్టే వీలు కల్పించింది. ఆ ప్రాంతపు నడక పర్యాటకం వెనక ఉన్నది కొండల అందం ఒక్కటే కాదు, ఆ చట్టం కూడా. మన దగ్గర తాటిచెట్టు ఉన్న రైతుకు అలాంటి వెసులుబాటు లేదు. పర్యాటక శాఖ కరపత్రాల్లో జలపాతం ఉంటుంది, కాఫీ ఉంటుంది, కల్లుపాక ఉండదు.

కల్లు తాగనివారికి కూడా తాటిచెట్టు ఏడాదంతా ఏదో ఒకటి పెడుతుంది. చైత్ర వైశాఖాల్లో ముంజెలు, శ్రావణ భాద్రపదాల్లో పండు. పండు గుజ్జును బియ్యపు నూకతో కలిపి వేసిన రొట్టె వాసన వీధి చివరి దాకా వస్తుంది. టెంకలు పాతరేస్తే సంక్రాంతి వేళకు తేగలు. అనకాపల్లి, చోడవరం బస్టాండ్లలో కాల్చిన తేగల కట్టలు చలికాలపు గుర్తు.

ఇంటి వంట, పొలం వంట

ఉత్తరాంధ్ర వంటలో బెల్లం మిఠాయికే పరిమితం కాదు. పులుసులో, కూరలో, చివరికి పప్పులో కూడా చిటికెడో ముక్కో పడుతుంది. గుంటూరువాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారు. చింతపండు పులుపు, మిరప కారం, బెల్లం తీపి కలిసి ఒకదాన్నొకటి అదుపులో పెట్టే ఆ రుచి బెండకాయ పులుసులో, గుమ్మడికాయ పులుసులో తెలుస్తుంది. ఆవపిండి నూరి చివర కలిపే ‘ఆవపెట్టిన’ కూరలు ఇంకో ప్రత్యేకత. పనసపొట్టు ఆవపెట్టిన కూర పెళ్లి భోజనాల్లో ఉండి తీరాలి. నువ్వులు ఇక్కడ ధారాళం, బెల్లం ఆవకాయ ప్రతి ఇంటా ఉంటుంది.

రాగులను ఇక్కడ చోళ్లు అంటారు. చోడి పిండి రాత్రి కాచి, పొద్దున మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ తాగే అంబలి నాట్లు, కోతల రోజుల్లో కూలీల ఉదయపు భోజనం. ఒక తరం కిందట అంబలి తాగామని చెప్పుకోవడం నామోషీ. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డు మీద నడకకు వచ్చినవాళ్లకు గ్లాసుల్లో అమ్ముతున్నారు. కోమో ఒడ్డు సంకటికి పట్టిన అదృష్టమే దీనికీ కొంచెం ఆలస్యంగా పట్టింది.

రిజర్వాయర్లలో బొచ్చె, శీలావతి వంటి పెంపకపు చేపలు, ఏళ్లలో, ఆవలో కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి. కొండకర్లలో తాటి మొదళ్లను తొలిచి, రెండేసి జతచేసి కట్టిన దోనెల మీద వలలు వేస్తారు. సందర్శకులను తిప్పేదీ ఆ దోనెల మీదే. తామరాకులు కోసి పూలకొట్లకు, విస్తళ్లకు అమ్మడం కూడా అక్కడివాళ్ల జీవనంలో భాగం. ఆవ మీద సూర్యుడు పైకి రాకముందు వెళితే చలికాలం వలస బాతులు, నీటికోళ్లు, కొంగలు కనిపిస్తాయి. ఎండెక్కాక దోనె ఎక్కితే కనిపించేది గుర్రపుడెక్క.

కొండ దిగివచ్చే సరుకుల్లో చింతపండు, పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, అడ్డాకులు ముఖ్యం. కాఫీ సంగతి వేరే వ్యాసానికి తగినంత ఉంది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అరకు పేరుతో 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. చోడవరం నుంచి మాడుగుల, గరికబంద మీదుగా పాడేరు ఘాట్ ఎక్కితే ఆ తోటలు మొదలవుతాయి.

నడక దారులు

గుర్తులు పెట్టిన బాటలు ఇక్కడ లేవు. ఉన్నవి చెరువు గట్లు, కాలవ గట్లు, బళ్ల దారులు, మన్యం నుంచి సంతకు దిగే కాలిబాటలు. కొత్తవాడికి ఇది ఇబ్బందే గాని, ఎవరిని అడిగినా దారి చెబుతారు, సగం దూరం వెంట కూడా వస్తారు.

అన్నిటికంటే సులువైనది రైవాడ గట్టు. దేవరాపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. ఉదయం ఎండ కొండ మీద పడి నీళ్లలో తిరిగి కనిపించే గంట దీని మంచి సమయం. రైవాడ దాటి కొండల్లోకి పోతే అనంతగిరి మండలంలోని సరియా జలపాతం. చివరి కొన్ని కిలోమీటర్లు రాళ్లు, వాగులు దాటుతూ నడవాలి. మెట్లు మెట్లుగా దూకే నీరు చూడటానికి హాయిగా ఉంటుంది గాని బండలు పాచి పట్టి జారతాయి. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు దాదాపు ప్రతి ఏటా వస్తాయి. వాన పడుతుంటే వెనక్కి తిరగడమే తెలివి. పైన కొండ మీద కురిసిన వాన కిందికి చేరేదాకా ఏమీ తెలియదు.

కోనాం గట్టు రైవాడ కంటే చిన్నది, నిశ్శబ్దమైనది, కొండ మరీ దగ్గర. వడ్డాది దగ్గర నడకకు చరిత్ర కూడా కలిసొస్తుంది. మధ్యయుగంలో ఇది మత్స్య వంశపు రాజుల రాజధాని. వాళ్ల దానశాసనాలలో దిబ్బిడ అగ్రహారపు రాగిరేకులు శక సంవత్సరం 1191 నాటివి, అంటే క్రీస్తు శకం 1269. దిబ్బిడ ఊరు ఇప్పటికీ ఉంది. వడ్డాది గుట్ట మీది వేంకటేశ్వరుడి గుడి నుంచి పెద్దేరు మలుపు, చుట్టూ పైర్లు బాగా కనిపిస్తాయి.

అనకాపల్లి పక్కన శంకరం దగ్గరి బొజ్జన్నకొండ ఇంకో రకం నడక. కొండరాతిలోనే తొలిచిన బౌద్ధ గుహలు, ఏకశిలా స్తూపాలు. 20వ శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రే తవ్వకాలతో ఇవి వెలుగులోకొచ్చాయి. కనుమ రోజున చుట్టుపక్కల ఊళ్ల జనం ఇక్కడికి తరలివస్తారు. పూర్వం ఆ రోజు ఇక్కడి ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వే వాడుక ఉండేది, గట్టి ప్రయత్నం మీద మాన్పించారు. కింద చెరకు రసం, పైన బుద్ధుడు, సాయంత్రం ఇంటికెళ్లి గారెలు, కోడికూర. ఈ ప్రాంతపు సంక్రాంతిని ఒక్క రోజులో చూడాలంటే ఇదే దారి.

నిజానికి తిండి కోసం నీటి ఒడ్డుకు నడిచి వెళ్లడం ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కార్తీకమాసంలో వనభోజనాలకు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. పొద్దున్నే డేక్షాలు, కట్టెలు, కూరగాయలు ట్రాక్టరులో వేసుకుని రైవాడకో, కోనానికో, కల్యాణపులోవకో బయల్దేరతారు. ఉసిరిచెట్టు నీడ దొరికితే శాస్త్రం తీరుతుంది, దొరక్కపోతే ఉసిరికొమ్మ ఒకటి పాతుకుంటారు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, పరమాన్నం, అడ్డాకు విస్తళ్లు. జనవరి వచ్చేసరికి అవే గట్లు మాంసం వండే పిక్నిక్ జట్లతో నిండుతాయి, సీసాలూ ప్లాస్టిక్ గ్లాసులూ మిగులుతాయి. కార్తీకపు జట్టు వదిలివెళ్లే ఆకులను మేకలు తినేస్తాయి. జనవరి జట్టు వదిలిన చెత్త మరుసటి కార్తీకం దాకా అలాగే ఉంటుంది.

కాలం, వసతి

నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరు, డిసెంబరుల్లో కొండల మీద వలిసె పూలు పసుపు పరుస్తాయి, కింద రిజర్వాయర్లు నిండుగా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరుల్లో గానుగలు, తేగలు, ఈతకల్లు. మార్చి, ఏప్రిల్‌లలో ఎండ ఓర్చుకోగలిగితే తాటికల్లు, ముంజెలు, అనకాపల్లిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర. ఏప్రిల్ దాటితే పగటి నడక మానుకోవాలి. వానాకాలంలో కొండవాగులు ఒక్క గంటలో దారులు మూస్తాయి. చెరకు చేల గట్ల మీద నడిచేటప్పుడు పాము భయం ఉంది, ముఖ్యంగా నరికే కాలంలో. చేతిలో కర్ర, కాలికి బూటు ఉండాలి. మన్యం వైపు రాత్రి ఉండేవాళ్లు దోమతెర తీసుకెళ్లాలి.

అనకాపల్లి రైల్వే స్టేషను హౌరా–చెన్నై మార్గంలో ఉంది. అక్కణ్ణుంచి చోడవరం, మాడుగుల, దేవరాపల్లి వైపు బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతాయి. గట్ల పక్కన ఉండటానికి వసతి చాలా తక్కువ. రాత్రి బసకు అనకాపల్లికో, విశాఖకో తిరిగి రావడమే చాలామంది చేసేది. గానుగ దగ్గర తెల్లవారుజామున ఉండాలనుకునేవారు ముందు రోజు రైతుతో మాట పెట్టుకుంటే మంచిది. పాకం పడే వేళ పొయ్యి నిర్ణయిస్తుంది, గడియారం కాదు.